ఇంటర్ ఫలితాలకూ కళాశాల తరగతులకూ మధ్య

ఇంటర్మీడియట్‌లో 1000కి 900 పైచిలుకు మార్కులు తెచ్చుకున్న విద్యార్థి ఆ ఏడాది ఏ కళాశాలలోనూ చేరలేదని ఆగస్టులో ఎవరో చెబితే తెలియడం మా వైపు ప్రభుత్వ జూనియర్ కళాశాలల అధ్యాపకులకు కొత్త అనుభవం కాదు. ఎందుకు చేరలేదని అడిగితే డబ్బు లేదనో, ఆడపిల్లను అంత దూరం పంపలేమనో ఇంటివారు చెబుతారు, అవి అబద్ధాలేమీ కావు. అయితే మరికొంతసేపు కూర్చుని మాట్లాడితే ఆ రెండింటి వెనుక దాదాపు ఎప్పుడూ మరొక సంగతి బయటపడుతుంది: ఏదో ఒక ధ్రువపత్రం సకాలంలో చేతికి రాలేదు, ఏదో ఒక గడువు ఉన్నట్టు తెలియకుండానే దాటిపోయింది, లేదా ఎవరో వచ్చి నింపి వెళ్లిన దరఖాస్తులో ఏముందో ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు.

నేను విజయనగరం జిల్లాలోని ఒక ప్రభుత్వ జూనియర్ కళాశాలలో వాణిజ్యశాస్త్రం బోధిస్తాను. సొంత ఊరు శ్రీకాకుళం జిల్లా. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్షరాస్యత శ్రీకాకుళం జిల్లాలో 61.7 శాతం, విజయనగరం జిల్లాలో 58.9 శాతం. ఆ లెక్క రాసుకుపోయిననాటికి పాతికేళ్లో ముప్పై ఏళ్లో ఉన్నవారే ఈనాటి మా విద్యార్థుల తల్లిదండ్రులు. కాబట్టి తరగతి గదిలో నా ఎదుట కూర్చునేవారిలో అధిక సంఖ్యాకులు తమ ఇంట మొదటిసారి కళాశాల గడప తొక్కబోయేవారే. వారికోసం తరచుగా జరిగే ప్రేరణ సదస్సుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. పలాస జీడిపప్పు పరిశ్రమలో గింజలు ఒలిచే తల్లి కూతురికి చదువు విలువ గురించి వేరొకరు వచ్చి ఉపన్యసించవలసిన పని లేదు. ఆ పిల్లకు కావలసింది ఏ పని ముందు, ఏ పని తర్వాత అని తెలిసిన ఒక మనిషి, అదీ రాత్రి ఎనిమిది గంటలకు ఫోన్ చేసినా ఎత్తే మనిషి.

చదువుకున్న ఇళ్లలో ఈ క్రమం పిల్లలకు చెప్పకుండానే తెలిసిపోతుంది, ఎందుకంటే అక్కకో, పెదనాన్న కొడుకుకో అదంతా జరగడం వారు చూసి ఉంటారు. మొదటి తరం విద్యార్థికి ప్రతిదీ కొత్తే. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో చేరాలంటే రాయవలసిన సీయూఈటీకి దరఖాస్తుల గడువు ఇంటర్ ఫలితాలు రాకముందే ముగుస్తుంది. విజయనగరంలోనే కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉన్నా, ఆ ఊరి చుట్టుపక్కల పిల్లలే మార్కులు చూసుకున్న తర్వాత దాని గురించి విచారించి, అప్పటికే సమయం మించిపోయిందని తెలుసుకుని వెనుదిరుగుతారు. ట్రిపుల్ ఐటీగా అందరూ పిలిచే ఆర్‌జీయూకేటీ శ్రీకాకుళం ప్రాంగణంలో ప్రవేశాలు పదో తరగతి మార్కుల మీద జరుగుతాయనీ, వసతి లేని ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారికి 4 శాతం అదనంగా కలుపుతారనీ ఇంటర్ చదువుతుండగా తెలిస్తే ఏ ప్రయోజనమూ లేదు. పదో తరగతి తర్వాత పాలిసెట్ ప్రవేశ పరీక్ష రాసి శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఉన్న ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివి, ఈసెట్ అనే మరో ప్రవేశ పరీక్ష ద్వారా నేరుగా ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరే దారి ఉన్నదని కూడా అలాగే ఆలస్యంగా తెలుస్తుంది. తక్కువ ఖర్చుతో, మధ్యలో ఆగవలసి వచ్చినా చేతిలో ఒక అర్హతను మిగిల్చే ఆ దారి పేద కుటుంబానికి అన్నింటికంటే భద్రమైనదని నా అభిప్రాయం. కనుక ఈ మాటలు చెప్పవలసిన చోటు జూనియర్ కళాశాల కానే కాదు, ఉన్నత పాఠశాల. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ ఉపకార వేతన పరీక్షలో నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి రూ. 12,000 వస్తాయన్న సంగతి ఒక్కటి చాలు, చదువు గురించి ఆ ఇంట్లో నాలుగేళ్లు ముందుగానే మాటలు మొదలవుతాయి.

మా జిల్లాలకు ప్రత్యేకమైన చిక్కు వలస. హైదరాబాదు, చెన్నై, విజయవాడల్లో భవన నిర్మాణ పనులకు వెళ్లేవారు పిల్లలను వెంట తీసుకుపోతారు, కొన్నేళ్లు అక్కడి బడిలో వేస్తారు, ఊళ్లో పండుగకో ముసలివారి అనారోగ్యానికో తిరిగి వచ్చి ఇక్కడి బడిలో చేరుస్తారు. ఆ మార్పుల ఫలితం ఇంటర్ పూర్తయ్యాక బయటపడుతుంది. రాజ్యాంగంలోని 371డి అధికరణం కింద వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ప్రవేశాలకోసం రాష్ట్రాన్ని విభజించిన ఒక్కో విశ్వవిద్యాలయ ప్రాంతంలోని 85 శాతం సీట్లు స్థానిక అభ్యర్థులవి. అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగు విద్యా సంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివినవారిని స్థానికులుగా లెక్కిస్తారు. అంటే ఆరు, ఏడు తరగతులు హైదరాబాదులో చదివి ఎనిమిదిలో రాజాం తిరిగి వచ్చిన పిల్లవాడికి ఇబ్బంది లేదు, కానీ తొమ్మిది, పది తరగతులు చెన్నైలో చదివి ఇంటర్‌కు మాత్రమే ఊరికి వచ్చినవాడు తన సొంత జిల్లాలో స్థానికేతరుడవుతాడు. తాతముత్తాతల నుంచి ఆ ఊరివారే కదా అని తండ్రి అడిగే ప్రశ్నకు నా దగ్గర న్యాయమైన సమాధానం లేదు, నిబంధన మాత్రం ఉంది. మిగిలిన 15 శాతం సీట్లకు పోటీ పడేందుకు కూడా విద్యార్థో, తల్లిదండ్రుల్లో ఒకరో రాష్ట్రంలో పదేళ్లు నివసించినట్టు తహసీల్దారు ఇచ్చే పత్రం కావాలి, వలస కుటుంబానికి దాన్ని సంపాదించడం మరొక ప్రయాస.

అందుకే ఎనిమిదో తరగతి ముగిసిన పిల్లలున్న వలస కుటుంబాలకు నేను ఒక్కటే చెబుతాను: వెళ్లక తప్పకపోతే పిల్లను అమ్మమ్మ దగ్గరో, సంక్షేమ వసతి గృహంలోనో, కస్తూర్బా బాలికా విద్యాలయంలోనో ఉంచి వెళ్లండి, ఆ నాలుగేళ్లు తెగనివ్వకండి. ఇప్పటికే బడులు మారినవారు ప్రతి బడి నుంచీ చదువు ధ్రువపత్రం అప్పుడే తీసుకుని దాచుకోవాలి. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు ఈ పత్రాలు చూస్తారు. మూతబడిన ఒక చిన్న ప్రైవేటు బడి రికార్డులకోసం జూలై నెలలో ఒక కుటుంబం మండల విద్యాశాఖ కార్యాలయం చుట్టూ తిరగడం నేను చూశాను. అలాంటి తిరుగుడులో కూలిపని పోయిన రోజులను ఎవరూ విద్యా వ్యయంగా లెక్కించరు.

ఇక పేర్లు. పదో తరగతి మార్కుల పత్రంలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు చివరకు వెళుతుంది, బియ్యం కార్డులో ఇంట్లో పిలిచే పేరు ఉంటుంది. చదువురాని తల్లి వేలిముద్ర వేసి తీసుకున్న ప్రతి పత్రంలోనూ ఎదుటివాడు తనకు వినిపించినట్టు రాసిన పేరే ఉంటుంది. వీటిలో ఏ రెండు కలవకపోయినా ఉపకార వేతనం ఆగుతుంది, ఖాతాకు ఆధార్ అనుసంధానం కాకపోయినా ఆగుతుంది. ఆదాయ ధ్రువపత్రానికి బదులు బియ్యం కార్డు చూపవచ్చు, అయితే అందులో విద్యార్థి పేరు ఉండి తీరాలి, కొత్తగా కాపురాలు వేరుపడిన ఇళ్లలో అది తరచుగా తాతగారి కార్డులోనే ఉండిపోతుంది. ఇవన్నీ గ్రామ సచివాలయంలో సరిదిద్దుకోగలిగిన పనులే. వాటికి కావలసిందల్లా సమయం, అందుకే మా కళాశాలలో రెండో సంవత్సరం విద్యార్థుల పత్రాలన్నింటినీ నవంబరులోనే ఒక బల్ల మీద పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తాం. పదో తరగతి పత్రాన్ని ఆధారంగా తీసుకుని మిగతావాటిని దానికి అనుగుణంగా మార్పించుకోవడం సులువు, దాన్నే మార్పించడం చాలా కష్టం. ఈ బల్ల దగ్గర గడిపే రెండు మధ్యాహ్నాలు ఏడాదిలో నేను చెప్పే పాఠాలన్నింటికంటే ఎక్కువ మేలు చేస్తాయేమోనని ఒక్కోసారి అనిపిస్తుంది. వాణిజ్యశాస్త్రం మీద గౌరవం తగ్గి అంటున్న మాట కాదు.

పత్రాల చిక్కు దాటినవారికి ఎదురయ్యే అసలు ప్రమాదం విద్యార్థులను చేర్పించడానికి వేసవిలో ఊళ్లలోకి వచ్చే ప్రైవేటు కళాశాలల ప్రతినిధులు, అంటే పీఆర్వోలు. వీరిలో కొందరు మర్యాదస్తులే, కానీ వారి జీతం వారు చేర్చిన తలల లెక్క మీద ఆధారపడి ఉంటుంది. ఫలితాలు రాకముందే ఇంటికి వస్తారు, తల్లిని అమ్మా అని పిలుస్తారు, బస్సు ఉచితమంటారు, ఫీజు మొత్తం ప్రభుత్వమే కడుతుందంటారు, ధ్రువపత్రాలు భద్రంగా ఉంచుతామని పట్టుకుపోతారు. కొన్నిచోట్ల విద్యార్థి హాల్‌టికెట్ నంబరు, పుట్టినతేదీ, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ తీసుకుని కౌన్సెలింగ్‌లో ఏ కళాశాలలు కావాలో వరుసగా ఎంచుకునే వెబ్ ఆప్షన్లు కూడా వారే పెట్టేస్తారు, మొదటి ఐచ్ఛికంగా ఏ కళాశాల ఉంటుందో చెప్పనక్కరలేదు. సీటు కేటాయింపు వచ్చిన రోజున ఆ తల్లి మా గది గుమ్మం దగ్గర నిలబడి, "మాస్టారూ, మా గుంటకి సీటొచ్చినాదని ఫోను సేసినారు, ఏ కాలేజో ఏటో మాకు తెలీదు బాబూ" అంటుంది. మంచి ర్యాంకుతో విజయనగరం జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాలలో చేరగలిగిన పిల్ల అప్పటికి ఎవరూ వినని కళాశాలలో, అడగని బ్రాంచిలో ఉంటుంది.

ఇక్కడ మూడు సంగతులు ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. అసలు ధ్రువపత్రాలను ఏ కళాశాలా తన దగ్గర అట్టిపెట్టుకోకూడదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లోనే స్పష్టంగా చెప్పింది, పరిశీలించి తిరిగి ఇవ్వవలసిందే. కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా వచ్చిన సీటుకే బోధనా రుసుము చెల్లింపు పథకం వర్తిస్తుంది, యాజమాన్య కోటాలో చేరినవారికి వర్తించదు, ఈ తేడాను చెప్పకుండా సంతకం పెట్టించుకున్న సందర్భాలు నాకు తెలుసు. ఇక ఐచ్ఛికాల వరుస విద్యార్థి ఇష్టాన్ని బట్టి ఉండాలి తప్ప వస్తుందో రాదో అన్న భయాన్ని బట్టి ఉండకూడదు, ఎందుకంటే పైన పెట్టినది రాకపోయినంత మాత్రాన కింది దానికి అవకాశం తగ్గదు. ఈ చివరి మాటను పిల్లలకు నమ్మించడానికి నేను ప్రతి ఏడూ కాగితం మీద బొమ్మ గీసి చూపవలసి వస్తుంది. సాధారణ డిగ్రీలో చేరేవారికి కూడా 2020 నుంచి ప్రవేశాలు ఆన్‌లైన్ ద్వారానే జరుగుతున్నాయి కాబట్టి ఇదే జాగ్రత్త వారికీ అవసరం. సహాయం చేసేవారు పక్కన కూర్చోవాలి, చదివి వినిపించాలి, అయితే మీట మాత్రం విద్యార్థే నొక్కాలి. సంకేతపదం విద్యార్థి దగ్గరే ఉండాలి. ఎంత మంచి ఉద్దేశంతోనైనా మనం నింపి ఇచ్చేస్తే పీఆర్వోకూ మనకూ ఉన్న తేడా ఆ కుటుంబానికి తెలియదు.

డబ్బు విషయంలో ఆశను కొంచెం అదుపులో పెట్టి మాట్లాడడం మంచిది. ప్రభుత్వ పథకం బోధనా రుసుమును భరిస్తుంది, విడతలు మాత్రం ఆలస్యమవుతాయి, ఆ మధ్యకాలంలో కళాశాల విద్యార్థి మీద ఒత్తిడి తెస్తుంది. ప్రవేశ సమయంలో అడిగే చిల్లర రుసుములు, వసతి గృహం ముందస్తు సొమ్ము, పుస్తకాలు, బస్సు పాసు అన్నీ కలిసి ఒకే నెలలో మీదపడతాయి, సరిగ్గా అప్పుడే ఖరీఫ్ పెట్టుబడి కూడా ఉంటుంది. ఇంజనీరింగ్‌లోనో డిప్లొమాలోనో చేరిన ఆడపిల్లలకు అఖిల భారత సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) ఇచ్చే ప్రగతి ఉపకార వేతనం ఏడాదికి రూ. 50,000, అర్హులైనవారు దానికి తప్పక దరఖాస్తు చేయాలి, కానీ అది వచ్చేది చేరిన తర్వాతే. జూన్ నెలలో కావలసిన తొలి సొమ్ముకోసం జనవరి నుంచే పొదుపు సంఘంలో అప్పు మాట్లాడుకుని ఉంచమని తల్లులకు చెబుతున్నాం. డ్వాక్రా సంఘాల మహిళలకు ఈ మాట ఒకసారి చెబితే చాలు, లెక్క వారికి మనకంటే బాగా తెలుసు. ప్రైవేటు వడ్డీకి పోకుండా ఆపగలిగితే అదే పెద్ద సాయం.

తల్లిదండ్రులతో మాట్లాడకుండా విద్యార్థితో మాత్రమే మాట్లాడే కార్యక్రమాలు సగం దారిలో ఆగిపోవడం నేను గమనించాను. నిర్ణయం జరిగేది ఇంట్లో. అయితే కళాశాలలో తల్లిదండ్రుల సమావేశం ఫిబ్రవరిలో పెడితే వచ్చేది తల్లులూ, అవ్వలూ మాత్రమే. తండ్రులు ఎక్కడో పనుల్లో ఉంటారు. మా జిల్లాల్లో వలస వెళ్లినవారు ఎంత దూరంలో ఉన్నా సంక్రాంతికి ఊరు చేరతారు కాబట్టి కనుమ మరునాడు ఊళ్లోనే రచ్చబండ దగ్గరో రామమందిరంలోనో కూర్చుని మాట్లాడడం మొదలుపెట్టాం. సీయూఈటీ దరఖాస్తుకూ, పత్రాల సవరణకూ, అప్పు మాట్లాడుకోవడానికీ అది సరైన సమయమే. తీరప్రాంత మత్స్యకార గ్రామాలకు ఈ లెక్క పనికిరాదు. గుజరాత్‌లోని వెరావల్ రేవుకు వెళ్లినవారు సంక్రాంతి నాటికి సముద్రం మీద ఉంటారు, పడమటి తీరంలో చేపల వేట నిషేధం ఉండే జూన్, జూలైలలో ఇంటి దగ్గర ఉంటారు, వారితో మాట కౌన్సెలింగ్ వేళకే కుదురుతుంది.

ఆడపిల్లల విషయంలో దూరం గురించి తండ్రి అడిగే ప్రశ్నలను వెనుకబాటుతనంగా కొట్టిపారేయడం చదువుకున్నవారి దురుసుతనం. వసతి గృహం గేటు ఎన్నింటికి మూస్తారు, వార్డెన్ ఆడమనిషేనా, చివరి బస్సు ఎన్నింటికి, జ్వరం వస్తే ఎవరు చూస్తారు అన్నవి సమాధానం చెప్పగల ప్రశ్నలు, వాటికి సమాధానం దొరికిన ఇంట్లో చాలాసార్లు అభ్యంతరం కరిగిపోతుంది. మాటలకంటే మేలైన ఉపాయం, చేరే ముందు తల్లినీ తండ్రినీ ఆ కళాశాలకు తీసుకెళ్లి చూపడం. ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయాన్నో, శ్రీకాకుళంలోని ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాలనో ఒకసారి కళ్లారా చూసి, అక్కడ చదువుతున్న తమ మండలం పిల్లలతో మాట్లాడి వచ్చిన తల్లి ఆ తర్వాత పెళ్లి సంబంధం తెచ్చిన బంధువులకు తానే జవాబు చెప్పుకుంటుంది.

చేరడంతో పని ముగిసిందని అనుకోవడం వల్ల మొదటి సెమిస్టరులో నష్టపోయేవారు అనేకులు. రాష్ట్రంలో డిగ్రీ బోధన 2021-22 నుంచి ఆంగ్ల మాధ్యమంలోకి మారింది. ఇంటర్ దాకా తెలుగులో చదివి ఖాతాల లెక్కలు చక్కగా చేయగలిగిన విద్యార్థి అదే లెక్కను ఆంగ్లంలో అడిగినప్పుడు పోల్చుకోలేక, తనకు చదువు రాదని నిర్ధారించుకుని, దీపావళికి ఇంటికి వచ్చి తిరిగి వెళ్లడు. ఇంట్లోనూ ఎవరూ బలవంతం చేయరు, ఎందుకంటే మొదటి సెమిస్టరులో తప్పడం మామూలేననీ, ఆ పేపరు మళ్లీ రాసుకోవచ్చుననీ వారికి తెలియదు. హాజరు 75 శాతం లేకపోతే రుసుము చెల్లింపు ఆగిపోతుందన్న సంగతి కూడా చాలామందికి ఆగిపోయిన తర్వాతే తెలుస్తుంది. పెళ్లిళ్ల కాలంలో క్యాటరింగ్ పనికి వెళ్లి ఖర్చులు సంపాదించుకునే కుర్రవాళ్లు ఇందులో మొదట చిక్కుకుంటారు. వారిని పని మానుకోమని చెప్పే హక్కు నాకు లేదు. వారానికి ఎన్ని తరగతులు పోగొట్టుకోవచ్చో లెక్క వేసి చూపించడం మాత్రం చేయగలను.

ఈ దశలో అధ్యాపకుడి మాటకంటే అదే ఊరి సీనియర్ మాట బాగా చెవికెక్కుతుంది. ఏ పుస్తకం కొనాలి, ఏది గ్రంథాలయంలో దొరుకుతుంది, ఏ కార్యాలయ గుమస్తాను ఏ వేళలో కలవాలి, భోజనం ఎక్కడ చవక అన్నవి రెండో సంవత్సరం విద్యార్థి నాలుగు మాటల్లో చెప్పేస్తాడు, పైగా తానూ ఒక పేపరు తప్పి రాసుకున్నానని మొహమాటం లేకుండా అంటాడు. అందుకని పూర్వ విద్యార్థుల నంబర్లను వారి అనుమతితో ఊరివారీగా, కళాశాలవారీగా ఒక పుస్తకంలో రాసి ఉంచి, చేరిన వారంలోనే జూనియర్ల చేత వారికి ఫోన్ చేయిస్తున్నాం. ఆడపిల్లల నంబర్లు ఆడపిల్లలకే ఇస్తాం. సీనియర్ అంటూ ఎవరూ లేని ఊళ్లు, ముఖ్యంగా ఏజెన్సీకి ఆనుకుని ఉన్నవి, ఇంకా ఉన్నాయి. ఆ ఊళ్ల పేర్లకు ఎదురుగా ప్రస్తుతానికి మా అధ్యాపకుల నంబర్లు రాశాం, అక్కడి నుంచి ఈ ఏడాది చేరినవారు రెండో సంవత్సరంలోకి రాగానే వాటిని కొట్టేసి వారి నంబర్లు రాస్తాం.